పాటలలో కలసిన పిలుపు

శ్రావణమాసమున నొక శుక్రవారము అపరాహ్ణవేళ సూర్యకిరణములు అరటితోటల వెడల్పాకులపై తళతళలాడుచుండ ఆకాశము తోమిన యిత్తడి పళ్ళెరమువలె మచ్చలేక మెరయుచుండ గౌతమీప్రవాహము మాత్రము ఉభయతటముల నడుమ రక్తచందనవర్ణము దాల్చి సుడులు చుట్టుకొనుచు చప్పుడు చేయక సాగిపోవుచుండెను. చూడవచ్చినవారి కది కనులపండువ. అచ్చట పుట్టి పెరిగినవారికి మాత్రము మబ్బులేని యెండలో వచ్చిన యెర్రనీరు పగవాని చిరునవ్వు వంటిది. ఎగువ మన్యపు కొండలలో ఎవరును చూడని వాన యేదియో కురియును. ఇచ్చట ఎండ కాయుచుండగనే ఆ నీరు వచ్చి గడపలో నిలుచును. గోదావరికి ముందు చెప్పి వచ్చు నలవాటు లేదు. చెప్పవలసిన పని మనుష్యులదే.

ఆ పని కేదారిలంకలో తరతరములుగా ఒక్క యింటివారిది. నదీగర్భమున పడవవలె పొడవుగా పరచుకొన్న యా లంకను గట్టుతో కలుపునది ఒక పల్లపు కాజువే మాత్రమే. నీరు దానిమీద కెక్కకమునుపు దాటినవాడు బ్రతికినవాడు. ఎక్కిన తరువాత దాటబూనినవాని మాట గోదావరి చిత్తము. కావున ఎగువనుండి కబురు వచ్చిన తత్‌క్షణమే లంక కీకొసనుండి యాకొసకు డప్పు మ్రోగించుచు పరుగిడి జనులను లేపు బాధ్యత పోతయ్య తాతలనాటినుండి పోతయ్యకు సంక్రమించెను.

పోతయ్య యింట రెండు డప్పు లుండెడివి. పెండ్లిండ్లకును జాతరలకును వాయించు డప్పు ఉత్తరపు గోడకు వ్రేలాడెడిది. వరద డప్పు దక్షిణపు గోడకు వ్రేలాడెడిది. ఒకదానిని కాచిన మంటయొద్ద రెండవదానిని కాచుటకు వీలులేదు. వరద దరువును వేడుకకైనను వ్రేళ్ళతో బల్లమీదనైనను వేయుటకు వీలులేదు. కొడుకు దైవాధీనము బాల్యమున నొకనాడు అన్నపు కంచముమీద ఆ దరువు వేయగా పోతయ్య వానిచేతిపై చరచి యిట్లనెను.

“ఒరే, పాడేది పాడాల, పిలిసేది పిలవాల. రెండూ ఒక్క గోడకి తగిలిత్తే ఏది ఏదో నీకే తెలవకుండా పోద్దిరా.”

ఇంకొక కట్టుబాటును గలదు. డప్పు పట్టినవాడు ఏ గుమ్మము ముందును ఆగరాదు. తన గుమ్మము ముందు అసలే ఆగరాదు. ఆగినవాడు ఒక్క యింటిని లేపును, ఊరిని ముంచును.

దైవాధీనము తండ్రి వృత్తిని పూర్తిగా విడువలేదు, పూర్తిగా పట్టుకొనను లేదు. అతడు మైకుసెట్టువాడయ్యెను. లంకలో పెండ్లియైనను ఓణీల వేడుకయైనను అతని గొట్టములు కొబ్బరిచెట్ల కెక్కవలసినదే, అతని సెల్లుఫోనులోని వేలకొలది పాటలు మ్రోగవలసినదే. ఎగువ లాకులయొద్ద కొలువున్న నరసింగము అతనికి మేనత్తకొడుకును బావమరిదియు గావున నీరు విడుచువార్త అందరికన్న ముందుగా ఆ ఫోనుకే వచ్చెడిది. పాటలపెట్టెయు పిలుపుగంటయు ఒక్క చేతిలోనికే వచ్చి చేరెను. కాలము తెచ్చిన యీ సౌకర్యమును చూచి లంకవారందరును సంతసించిరి. సంతసింపని పోతయ్య మంచమున పడియుండెను.

పోతయ్య చనిపోవుటకు ముందు వచ్చిన వరదలో ఊపిరాడకయే లేచి చివరిసారి డప్పు పట్టెను. తండ్రివెంట నడచుచు దైవాధీనము ఆ దరువును ఫోనులో పట్టెను. దరువు ముగియుచోట ముసలివాని బొంగురుగొంతు వినవచ్చును: “లెగండమ్మా, గోదారమ్మొత్తంది, లెగండి.” పిమ్మట దగ్గు. అంతే. తండ్రి పోయిన పిదప కొడుకు ఆ దరువును నరసింగము పిలుపునకు రింగుటోనుగా నమర్చుకొనెను. అంతవరకు మేలే. కాని దాని నతడు పాటలలోనుండి వేరుచేయలేదు. ఫోనునకు మంచి చెడ్డ లెక్కడివి? తనయొద్ద చేరిన ప్రతి నాదమును పాటయే యనుకొనును. కలగాపులగముగా పాటలు పాడుచున్నప్పుడు నడుమ నెప్పుడో పోతయ్య డప్పు మ్రోగెడిది, ఆ బొంగురుగొంతు పలికెడిది, దైవాధీనము కన్నులు మూసికొని వినెడివాడు. భార్య బుల్లెమ్మకు మాత్రము విన్నప్పుడెల్ల చేతిలోని పని ఆగిపోయెడిది.

“బావా, ఆ డప్పుని పాటల్లోంచి తీసెయ్యవా. ఫోను మోగితే మోగనీ. పాటల్లో మాత్రం వద్దు.”

“మా నాన్న యేసిందానికంటే మంచి పాట ఇందులో ఏదుందే? రోజూ ఫోనొత్తదా ఏటి, యినడానికి?”

“యినడానికి కాదుగా అది.”

అతడు రేపు తీసివేయుదు ననెను. ఆ రేపు రాలేదు. తండ్రిమీది ప్రేమయే యతని తప్పు. ప్రేమ గావుననే ఆ తప్పు తప్పువలె కనబడలేదు.

జ్యేష్ఠమాసమున నొక పెండ్లిలో జనులు విస్తళ్ళముందు కూర్చుండగా నాలుగు గొట్టములనుండియు వరద దరువు ఒక్కసారిగా విరుచుకొని పడెను. విస్తళ్ళు తన్నుకొనుచు చంటిబిడ్డల నెత్తుకొని జనులు కాజువేవైపు పరుగిడిరి. అందరికన్న ముందు పరుగెత్తినది పోతయ్య చెల్లెలు మాణిక్యమ్మ. దైవాధీనమునకు మేనత్త, తల్లిలేని యతనిని ఒడిలో పెట్టుకొని పెంచి నరసింగమునకు చెల్లెలైన తన కూతురు బుల్లెమ్మ నిచ్చి పెండ్లిచేసిన యిల్లాలు. ఆమె పెనిమిటి పూర్వ మొక వరదలో కొట్టుకొనిపోయెను. కావున ఆ దరువు విన్నచో ఆమె కాళ్ళు ఆమె మాట వినవు. ఆనా డామె గట్టుదారిలో పడి మోచేయి విరుగగొట్టుకొనెను. వచ్చినది వరదగాదు పాటయని తేలిన పిదప జనులు మైకుసెట్టువానిని నాలుగు తిట్టిరి, మాణిక్యమ్మను చూచి మాత్రము నెలపొడుగున నవ్విరి. “అత్తా, చెరువులో కప్ప గెంతింది, పరిగెట్టు” అని పోకిరీ లామె వాకిటముందు కేకవేసెడివారు. ఆమెయు నవ్వెడిది. నవ్వుచునే సిగ్గుపడెడిది.

పిదప కొన్నాళ్ళకు ఓణీల వేడుకలో మరల నదియే మ్రోగెను. ఈసారి ఎవ్వరును లేవలేదు. పందిరిక్రింద నొకడు తువ్వాలు తలకు చుట్టి చిందులు వేసెను; వానినిచూచి పదుగురు వేసిరి. ప్రాణములు దక్కించుటకై పుట్టిన దరువునకు లంక యంతయు నాట్యమాడెను. దైవాధీనము గుండె పొంగెను. నా తండ్రి చనిపోలేదు, అందరి కాళ్ళలో నున్నా డనుకొనెను. బుల్లెమ్మ యొక్కతె లేచి పందిరి వెలుపలికి పోయి నది ముఖము చూచి వచ్చెను.

ఇట్లుండగా కథారంభమున చెప్పిన శుక్రవారము వచ్చెను. లంక మెరకవైపున పెండ్లి. ముహూర్తము ముగిసి భోజనములు సాగుచుండెను. దైవాధీనము ఫోనును తీగతో యంత్రమునకు తగిలించి ఎండ తగులకుండ తువ్వాలుచుట్టి బల్లపై బోర్లించి తాను పందిరిగుంజ కానుకొని విస్తరిముందు కూర్చుండెను. నడి పాటలో పాట ఆగెను. డప్పు మ్రోగెను.

తువ్వాళ్ళు తలల కెక్కెను. పెండ్లికొడుకును చేయిపట్టి లాగిరి. దైవాధీనము కన్నులు మూసికొని తల యూపెను. డప్పు ఆగి పాట మరల నందుకొనెను. కొంతసేపటికి మరల డప్పు. మరల చిందులు. “మీ నాన్న ఇయ్యాల మాంచి ఊపులో ఉన్నాడ్రా” అని ఎవరో యనగా నతడు నవ్వెను. మూడవసారి మ్రోగి యాగినప్పుడు నోటిలోని ముద్ద నోటనే యుండ అతని కన్నులు తెరచుకొనెను.

తండ్రి గొంతు రాలేదు.

దరువు వచ్చినది, దరువు తరువాత రావలసిన “లెగండమ్మా” యను మాట రాలేదు. దగ్గు రాలేదు. పాటగా మ్రోగినచో అది తుదివరకు మ్రోగవలెను. మూడుసార్లును నడుమనే తెగినది. పాట తెగదు, తెగునది పిలుపే. ఈ సంగతి తెలియుటకు పట్టినంతసేపు ఎగువను నీరు నడచుచునే యున్నది.

అతడు విస్తరి దాటి తువ్వాలు లాగి చూచునప్పటికి ఫోనుమీద నరసింగముపేరు ఎర్రగా నిలిచియుండెను. తిరిగి చేసెను.

“ఏమయ్యావురా? తలుపులన్నీ ఎత్తేశారు. గంట దాటింది. అమ్మ గట్టెక్కిందా?”

దైవాధీనము మైకు నందుకొనెను. “వరదొచ్చేత్తంది, అందరూ కాజువేకి ఎల్లిపోండి, నిజంగా చెప్తున్నాను” అని యరచెను. పందిరి గొల్లుమనెను. డప్పుతో రెండు మారులు వంచించినవాడు నోటితో మూడవమారు వంచించుచున్నాడని వారి తలపు. ఒక్క బుల్లెమ్మ మాత్రము మగని ముఖము చూచి నవ్వక పసిబిడ్డలను లేవదీయ నారంభించెను. “అమ్మని తీసుకురా బావా” అని యామె యనెను.

అతడు ఫోనును తీగనుండి తెంచి చొక్కాజేబులో వేసికొని పల్లపుకొసకు పరుగిడెను. వరద డప్పు అచ్చటనే పోతయ్య గుడిసెలో దక్షిణపు గోడకు వ్రేలాడుచుండెను. ప్రక్కగుడిసె మాణిక్యమ్మది. ఆమె అరుగుమీద కాళ్ళు చాచుకొని విరిగి యతికిన మోచేతిని ఒడిలో పెట్టుకొని ప్రశాంతముగా కూర్చుండియుండెను. ఆమె పెరటి కంచె మొదట ఎర్రనీరు అప్పుడే నాలుక చాపుచుండెను.

“ఇందాకట్నించీ మా అన్న డప్పు యింటన్నాన్రా. మూడుసార్లు పెట్టావు. మైకులో ఏదో అరిశావు గానీ నవ్వుల్లో తెలవలేదు. ఏం యేసేవోడు.”

“నేను పెట్టలేదత్తా. మోగింది. నర్సింగం బావ చేశాడు.”

ఆమె చిరునవ్వు ముఖముననే యుండిపోయెను. కొడుకు మూడుమారులు పిలువగా తా నరుగుమీద తాళము వేసితినని యామెకు తెలిసెను. తేమకు జారిన డప్పుచర్మమును ఆమె పొయ్యిలోని నిప్పులపైన కాచి చేతికిచ్చెను.

“రా అత్తా. ఎత్తుకుంటాను.”

“నన్నెత్తుకుంటే డప్పెవడు కొడతాడ్రా?” అని యామె యనెను. “గుమ్మం ముందు ఆక్కూడదని మీ నాన్న చెప్పలేదా? ఎల్లు. మేకలు కట్టేసి ఉన్నాయి, తాళ్ళు యిప్పేసి నీ యెనకాలే వత్తాను.”

అతడు కదలక నిలిచెను. ఆమె వాని వీపుపై చేయివేసి త్రోసెను. చిన్ననాడు బడికి త్రోసినట్లే త్రోసెను. అతడు వెళ్ళెను.

గొట్టములనుండి వచ్చిన డప్పు కొబ్బరిచెట్టుమీదనే యుండును. మనిషి చేతి డప్పు నడచి వచ్చును, మలుపు తిరుగును, నీ వాకిటికి దగ్గరగును, దూరమగును. ఆ భేదము చెవులకు మరపురాలేదు. దైవాధీనము ఏడ్చుచు కొట్టుచు పెండ్లిపందిరి నడుమనుండి ఆగక సాగిపోగా ఆడుచున్న కాళ్ళు ఆగెను. తలంబ్రాలబట్టలతో వధూవరులును పందిరిలోని ముసలివారును బుల్లెమ్మ ముందుగనే నడిపించుచున్న బిడ్డలును కాజువే పట్టిరి. తొలుత దాటినవారికి నీరు మడమలకు, నడుమవారికి మోకాళ్ళకు, తుదివారికి నడుమునకు వచ్చెను. అందరికన్న వెనుక డప్పును తలపై నెత్తుకొని దైవాధీనము గట్టెక్కి వెనుదిరిగి చూచెను. అతనివెనుక కాజువే లేదు. పల్లపుకొస లేదు. ఎర్రనీటిలో అరటితలలు కొన్ని వణకుచుండెను, రెండు మేకలు మెడతాళ్ళు ఈడ్చుకొనుచు గట్టుకు ఈదుచుండెను.

బుల్లెమ్మ మేకలను చూచెను. తెగక విప్పబడిన తాళ్ళ కొసలను చూచెను. “అమ్మేది బావా?” అనెను.

అతడు నోరు తెరచెను. అంతలో జేబులోని ఫోను మ్రోగెను. పోతయ్య డప్పు, ఆ దరువే, సంధ్యాకాంతిలో గట్టంతయు నిండెను. ఆనాటి మధ్యాహ్నము అదే దరువునకు చిందులు వేసిన జనులు నేల పొడిగానున్నను లేచి నిలువబడి బిడ్డలను దగ్గరకు తీసికొని నీటివైపు చూచిరి. ఎవ్వరి పాదమును కదలలేదు. పిలుపును పాటలలో కలిపినవానికి పాట మిగులును, పిలుపు పోవును. పోయిన పిలుపు తిరిగి వచ్చుట కలదు గాని దానిని వినవలసినవా రప్పటికి ఉండరు. డప్పు నడుమనే తెగెను. తండ్రి గొంతు రాలేదు. వెంటనే మరల మ్రోగెను.

“ఎత్తు బావా” అని బుల్లెమ్మ యనెను. “అన్నయ్య. ఇది పాట కాదు.”

అతడు ఎత్తెను.