ప్రపంచం నాలుగోసారి మారిన శనివారం

లిఫ్టుల ఇన్‌స్పెక్టరు శనివారం పొద్దున టీ కప్పు కింద పెట్టి, కొత్త అల్లుడి పని అయిపోయిందని ప్రకటించాడు.

భార్య కంగారు పడలేదు. కొత్త అల్లుడంటే ఒక దేశం. ఏ దేశం లేస్తుందో, ఏది కూలుతుందో ముందే చెప్పడం ఇన్‌స్పెక్టరుకి అలవాటు. మొదట్లో దేశాలని అసలు పేర్లతోనే పిలిచేవాడు. ఇంట్లో ఒక్కరూ వినేవారు కాదు. చుట్టరికాలు తగిలించాక పరిస్థితి మారింది. ఎప్పటినుంచో పెత్తనం చేస్తున్న దేశం పెద్దమావయ్య. నిన్నగాక మొన్న వచ్చి అన్నిట్లో తనకే పెద్దపీట వెయ్యాలనే దేశం కొత్త అల్లుడు. అందరితో మాట్లాడుతూ ఎవరి పక్షమో తేల్చని దేశం మేనత్త. ఇప్పుడు భార్య "మేనత్త ఏమందిట?" అని వార్తలు అడిగి మరీ వింటోంది.

ఈ జోస్యాల వల్ల నష్టపోయింది కూతురొక్కతే. ఆ పిల్లకి నలభై ఏళ్లొచ్చేసరికి ప్రపంచంలో ఎవరి మాట చెల్లుతుందో వాళ్ల భాష ఇప్పుడే నేర్పించాలని ఇన్‌స్పెక్టరు పట్టుదల. సాయంత్రం భాషలు నేర్పే బడిలో ఒక ఏడు పెద్దమావయ్య భాషలో వేశాడు. మరుసటేడు మేనత్త. తర్వాత కొత్త అల్లుడు. ఫలితంగా పదిహేడేళ్ల ఆ పిల్ల మూడు భాషల్లో "స్టేషన్ ఎక్కడ?" అని అడగగలదు. ఎవరైనా చెబితే అర్థం చేసుకోవడం రెండో ఏడాది సిలబస్.

"ఇప్పుడెవరు నాన్నా?" అంది కూతురు.

"ఆడపడుచు."

"ఆవిడెప్పుడొచ్చింది?" అని వంటింట్లోంచి తల్లి.

"ఎవరూ పిలవకుండానే వచ్చి మధ్యలో కూర్చుంది. అందుకే ఆ పేరు పెట్టాను."

"పెట్టింది మీరు. రేపు మీ చెల్లెలు అడిగితే నన్ను ఇరికించకండి."

ఇన్‌స్పెక్టరు డైరీ తెరిచాడు. ఆయన జోస్యానికి ఆధారం పేపర్లు కాదు, మోటార్లు. తనిఖీకి వెళ్లిన ప్రతి బిల్డింగులో పైకెక్కి, లిఫ్టు మోటారు మీదున్న రేకు ముక్క చూసి, అది ఏ దేశంలో తయారైందో ఇరవై రెండేళ్లుగా రాసుకుంటున్నాడు. పేపరు అబద్ధం చెప్తుంది, రేకు చెప్పదని ఆయన నమ్మకం. ఈ నెలలో మూడు కొత్త బిల్డింగులు. మూడింటికీ ఆడపడుచు దేశం మోటార్లే.

"ఒకటైతే సరేలే అనుకోవచ్చు. మూడంటే చరిత్రే" అన్నాడు.

కూతురు గొంతు సవరించుకుంది. "నాన్నా, ఈసారి పెద్దమావయ్య భాషలోనే రెండో ఏడు చేరతాను."

"మునిగే పడవెక్కుతానంటావేంటే?"

"నలుగురే చేరారట. ఐదోవాళ్లు లేకపోతే ఆ క్లాసు ఎత్తేస్తారు. ఇవాళ ఒంటిగంట దాకానే టైము."

"చూశావా! ఊరు మొత్తానికి నలుగురు! ఇంతకంటే సాక్ష్యమేం కావాలి?"

పద్దెనిమిది నిండనివాళ్ల ఫారం మీద తండ్రి సంతకం కావాలి. కాబట్టి పన్నెండింటికి ఇద్దరూ కలిసే వెళ్లారు, వేరువేరు ఉద్దేశాలతో.

బళ్లో కౌంటరు ముందు లైనుంది. ఖాళీగా నిలబడ్డం ఇష్టంలేక ఇన్‌స్పెక్టరు తోడల్లుడికి ఫోన్ చేశాడు. తోడల్లుడిది బిల్డింగు సామాన్ల షాపు. కొత్త అల్లుడు లేస్తాడన్న సంగతి ఇన్‌స్పెక్టరు కంటే వారం ముందే చెప్పాడు. ఆ అవమానం ఇంకా పచ్చిగానే ఉంది. లైన్లో ఉన్నవాళ్లకి కూడా జ్ఞానం అందాలని ఇన్‌స్పెక్టరు స్పీకరు పెట్టి, ఆడపడుచంటే ఏ దేశమో ముందు చెప్పాడు.

"ఏమయ్యా, రాసి పెట్టుకో. ఇక రాజ్యం ఆడపడుచుదే."

"అంత గట్టిగా ఎలా చెప్తున్నావన్నయ్యా?"

"ఒక్క నెలలో మూడు బిల్డింగులు. మూడింటికీ వాళ్ల మోటార్లే."

"పార్కు వెనక రెండు, ఆస్పత్రి రోడ్డులో ఒకటీనా?"

"నీకెలా తెలుసు?"

"అమ్మింది నేనేగా! ఆరేళ్లుగా గోడౌన్లో మూలుగుతున్నాయి. మోటార్లు మంచివే పాపం, ఆ కంపెనీయే ఎప్పుడో మూతపడింది. రేకు మీద సంవత్సరం చూడలేదా?"

ఇన్‌స్పెక్టరు చూశాడు. వాళ్లు ఆరేళ్ల కిందటి నుంచే లోలోపల సిద్ధమవుతున్నారని డైరీలో రాసుకున్నాడు కూడా.

"వదిన బావుందా?" అని అడిగాడు తోడల్లుడు.

ఇన్‌స్పెక్టరు ఫోన్ పెట్టేశాడు. వెనక నిలబడ్డాయన, తనకేమీ వినపడలేదన్నట్టు గోడ మీది నోటీసు మొదటినుంచి మళ్లీ చదవడం మొదలుపెట్టాడు.

పొద్దుటినుంచి వాదించడానికి కూతురు తొమ్మిది పాయింట్లు తయారుచేసుకుంది. తండ్రి మొహం చూశాక తొమ్మిదీ పక్కన పెట్టేసింది.

"కూర్చుంటావా నాన్నా?"

"వద్దులే." వెంట తెచ్చుకున్న డైరీ వైపు చూశాడు. "మూడేళ్లు నిన్ను ఊరికే తిప్పాను కదే."

"తిప్పావు."

"ఎవరు పైకెళ్తారో ముందే తెలిస్తే నీకు మెట్లెక్కే పని ఉండదనుకున్నాను."

కూతురు ఆయన చేతిలోంచి డైరీ తీసుకుని తన సంచిలో పెట్టుకుంది.

"అయినా ఆ భాషే ఎందుకు? వాళ్ల పని నిజంగానే అయిపోయింది. ఇది రేకు చూసి చెప్పడం లేదు" అన్నాడు.

"అయిపోతే అయిపోనీ. ఆ భాషలో నేనో జోకు వేశాను నాన్నా. టీచరుగారు పుస్తకం మూసేసి మరీ నవ్వారు. మిగతా రెండు క్లాసుల్లో నన్ను చూసి నవ్వారు."

"ఏం జోకు?"

కూతురు చెప్పింది. ఇన్‌స్పెక్టరు ఇంకా ఉందేమోనని ఆగాడు.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"ఇందులో నవ్వడానికేముంది?"

"మన భాషలో ఏమీ లేదు. అందులో ఉంది."

ఒంటిగంటకి పది నిమిషాలుండగా వాళ్ల వంతు వచ్చింది. కౌంటర్లో ఉన్నావిడ వాళ్లని చూసి మొదటి ఏడాది ఫారాల కట్టే ముందుకు లాగింది. "ఈసారి ఏ దేశమండీ?"

"రెండో ఏడాది ఫారం ఇవ్వండి" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆవిడ కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకుంది. ఆ ఫారాలు అడుగున ఉన్నాయి, వెతకాల్సి వచ్చింది.

ఫారం చివర్లో "ఈ భాష ఎందుకు నేర్చుకుంటున్నారు?" అని ఒక గడి ఉంటుంది. అందరూ "ఆసక్తి" అని రాసి వదిలేస్తారు. ఇన్‌స్పెక్టరు పోయినేడు దానికి నాలుగు పేజీలు జతచేశాడు, ఒక గ్రాఫుతో సహా. ఇవాళ పెన్ను గడి మీద పెట్టి అలాగే ఉండిపోయాడు. రాబోయే ఇరవై మూడేళ్ల గురించి ఆయనకి ఏమీ తోచకపోవడం ఇదే మొదలు.

"టైమవుతోంది సార్" అందావిడ.

ఆయన ఒక్క వాక్యం రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చాడు. ఆవిడ పైకే చదివింది. "'మా అమ్మాయి చెప్పిన జోకు నాకు అర్థం కాలేదు.' ఇదేం కారణమండీ?"

"నేనిప్పటిదాకా ఇచ్చిన కారణాలన్నీ మీరు చదివారు కదా?"

"చదివాను."

"వాటికంటే నయమా కాదా?"

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి ముద్ర కొట్టింది. కుర్చీలోంచే వెనక్కి తిరిగి, లోపలి గదివైపు కేకేసింది.

"టీచరుగారూ! ఐదో మనిషొచ్చింది!"

లోపల సంచి సర్దుకుంటున్న చప్పుడు ఆగిపోయింది. తర్వాత నేల మీద కుర్చీ ఈడ్చిన శబ్దం, గబగబా అడుగులు వినిపించాయి.