మూడు చెంచాల ఉప్పు

అల్లుడు ఏనాడూ పొయ్యి మొహం చూసిన పాపాన పోలేదు. అయినా పిల్లలకు వంట ఎలా నేర్పాలో లోకానికి చెప్పడానికి తగుదునమ్మా అని తయారయ్యాడు. ఫ్రిజ్ తలుపు మీద ఓ కాగితం అంటించాడు. నాలుగేళ్ళ చిట్టి కూరగాయలు కడగాలి, ఎనిమిదేళ్ళ నడిపోడు ఉప్పేసి కలపాలి, పదమూడేళ్ళ పెద్దది తరగాలి. వీడియో తీయడానికి ఫోను స్టాండుకి బిగించి, తల దువ్వుకొచ్చాడు.

అత్తగారు వంటింటి గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని చూస్తోంది. ముప్పై ఏళ్ళు ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో రోజుకు నాలుగు వందల మందికి వండిన మనిషి. చేతకానమ్మకు చేష్టలెక్కువ అనుకుని మూతి తిప్పుకుంది.

పిల్లలకు వీడియో గోల పట్టలేదు. డ్యూటీ నుంచి వచ్చే అమ్మకు తమ చేత్తో చేసిన సూప్ తాగించాలని వాళ్ళ ఆరాటం. చిట్టి ఒక్కో క్యారెట్‌కీ పసిపిల్లకు పోసినట్టు నీళ్ళు పోసింది.

నడిపోడు గిన్నెలో చెంచాడు ఉప్పేశాడు.

"వీడియోలో నీ మొహం పడలేదురా, మళ్ళీ వెయ్యి!" అన్నాడు అల్లుడు.

వేశాడు. ఇంతలో చిట్టి తుమ్మింది.

"మళ్ళీ!"

మూడో చెంచా పడింది. అత్తగారు మూడూ చూసింది. నోటిదాకా వచ్చిన మాటను మింగేసింది. కూతురి ముందు ఈ మహానుభావుడి బండారం బయటపడనీ, అప్పుడుంటుంది తమాషా అనుకుంది.

కూతురు వచ్చి కుర్చీలో కూలబడగానే ముగ్గురూ చుట్టూ మూగారు. మొదటి చెంచా నోట్లో పెట్టుకున్న మనిషి సింకు దగ్గరికి పరుగెత్తింది.

"అంత ఉప్పేశావేంట్రా?" అన్నాడు అల్లుడు.

"నువ్వేగా నాన్నా మళ్ళీ మళ్ళీ వెయ్యమన్నావ్!" నడిపోడు ఏడుస్తూ వచ్చి అమ్మమ్మ చెయ్యి పట్టుకున్నాడు.

అల్లుడి మొహం వాడిపోయింది. "అవున్రా, నాదే తప్పు. నేను చూసుకోలేదు."

ఆ మాట కోసమే కాచుకున్న అత్తగారికి ఇక పట్టపగ్గాల్లేవు.

"చూసుకోలేదుట! అల్లుడుగారి కళ్ళు ఫోనులో ఉంటే గిన్నెలోది ఎలా కనిపిస్తుందమ్మా? నేను అక్కడే కూర్చున్నా. ఒకటి కాదు, రెండు కాదు, మూడు చెంచాలు! నా కళ్ళారా చూశా."

ఎవరూ నవ్వలేదు. పెద్దది నెమ్మదిగా అడిగింది. "చూస్తూ ఊరుకున్నావా అమ్మమ్మా?"

ముసలామె జన్మలో ఎప్పుడూ పడనంత సిగ్గుపడింది. నడిపోడు ఆమె చెయ్యి వదిలేసి, వాళ్ళ నాన్న పక్కకెళ్ళి నిలబడ్డాడు.