కొందరు అపార్థం చేసుకున్నారు

ప్రెస్సులో అందరూ ఆమెను ప్రూఫులమ్మ అనేవారు. పంతొమ్మిదేళ్ళుగా కిటికీ పక్కన అదే బల్ల, చేతిలో ఎర్ర పెన్ను. కరపత్రాల నుంచి పాఠ్యపుస్తకాల దాకా ఏది వచ్చినా అక్షరం అక్షరం చదివి దిద్దేది. "ఒంటె సూదిబెజ్జంలోంచి దూరినా దూరుతుంది గానీ, అచ్చుతప్పు మా ప్రూఫులమ్మ కళ్ళు గప్పి పోదు" అని మెషిన్ మేస్త్రి వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు.

నవంబరు మూడో వారంలో ఆ మేస్త్రే ఒక కాగితాల కట్ట తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"మీ అన్నయ్యగారి పుస్తకమమ్మా. పండగలోపు కావాలట. మీరే చూడాలని మరీ మరీ చెప్పారట."

అన్నయ్య పుస్తకం రాస్తున్నట్టు ఆమెకు తెలియదు. పై కాగితం మీద 'క్రిస్మస్ మనదే' అని ఉంది. ఒకరి కట్ట ఇంకొకరికి వచ్చిందేమో అనుకుంది. కింద చూస్తే అన్నయ్య పేరే.

అన్నయ్య ఆమెకన్నా పదేళ్ళు పెద్ద. నాన్న పోయాక తండ్రి తర్వాత తండ్రిలా నిలబడ్డాడు. అక్షరాలు దిద్దించింది అతనే, వాక్యం చదవడం నేర్పిందీ అతనే. పన్నెండేళ్ళ కిందట పెద్ద చర్చితో తగువు పడి బయటికొచ్చి, ఒక అద్దె హాల్లో నలభై కుటుంబాలతో వేరే సంఘం పెట్టాడు. ఆ సంఘానికి పునాదిరాయి ఒక చిన్న పుస్తకం: 'ఇరవై అయిదో తేదీ ఎవరిది?' దాని ప్రూఫులూ ఆమే దిద్దింది. ప్రభువు పుట్టిన తేదీ సువార్తల్లో ఎక్కడా లేదనీ, రోములో అది సూర్యదేవుడి పుట్టినరోజనీ, అన్యుల పండక్కి మనవాళ్ళు కొత్త బట్టలు తొడిగారనీ అందులో రాశాడు. దిద్దుతూ దిద్దుతూనే ఆమె నమ్మేసింది. అన్నయ్య చెప్పాక ఇంకా నమ్మకపోవడమేమిటి? ఆ సాయంత్రమే ఇంటికెళ్ళి, గుమ్మానికి కట్టే కాగితం నక్షత్రాన్ని నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో వేసింది.

అమ్మ మాత్రం పాత చర్చి వదల్లేదు. ఒంటరిగా ఉండేది, ప్రతి ఏడూ పండగ చేసుకునేది, వీళ్ళిద్దరినీ పిలిచేది. వీళ్ళు వెళ్ళేవారు కాదు.

ఎనిమిదేళ్ళ కిందట డిసెంబరులో అమ్మ ఫోన్ చేసింది.

"ఒంట్లో బావుండటం లేదే. ఈసారి పండక్కి రా. మీ అన్న ఎలాగూ రాడు, వాడు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నువ్వైనా రా."

ఆమె మనసు లాగింది. అన్నయ్య దగ్గరికెళ్ళి, "ఒక్క పూట భోంచేసి వచ్చేస్తాను, తప్పా?" అని అడిగింది. అన్నయ్య కాసేపు ఆలోచించి మెల్లగా, "ఆ పండగ భోజనం బల్ల దగ్గర కూర్చుంటే విగ్రహం ముందు కూర్చున్నట్టే. ఆ పైన నీ ఇష్టం" అన్నాడు. ఆమె తన ఇష్టాన్ని ఎప్పుడు చూసుకుంది గనక.

ఫోన్‌లో అమ్మతో, "తర్వాతి వారం వస్తానమ్మా. ఆ రోజు ప్రభువు పుట్టింది కాదు, సూర్యుడి పుట్టినరోజు" అంది.

"ఎవరి పుట్టినరోజైతే ఏమిటే, నువ్వొస్తే నాకు చాలు" అంది అమ్మ.

అయినా ఆమె ఊరుకోలేదు. చిన్న పుస్తకంలోని వాదమంతా పది నిమిషాలు ఏకరువు పెట్టింది. అమ్మ అడ్డు చెప్పకుండా విని, "సరేలే, కాళ్ళు లాగుతున్నాయి, కాసేపు కూర్చుంటాను" అని ఫోన్ పెట్టేసింది. ఇరవై ఎనిమిదో తేదీన ఆసుపత్రిలో చేర్చారు. ఆమె పరుగెత్తుకుని వెళ్ళేసరికే అమ్మకి స్పృహ లేదు. ముప్ఫయ్యో తేదీన పోయింది.

ఇన్నేళ్ళూ ఆమె ఆ బాధను దిగమింగుకుంది. దేవుడి కోసం చేసిన పని కదా, బాధ ఉంటుంది మరి అనుకుంది.

ఇప్పుడు ఈ కట్ట. విషయం కొంత ఆమెకు తెలిసిందే. వేసవిలో అన్నయ్య సంఘం తిరిగి పెద్ద చర్చిలో కలిసిపోయింది, అతన్ని అక్కడ పెద్ద పాస్టరుని చేశారు. ఆ చర్చిలో పండగ చేస్తారు కాబట్టి అన్నయ్య చూసీచూడనట్టు ఊరుకుంటాడనుకుంది గానీ, ఏ ఎండకా గొడుగు పడతాడనుకోలేదు.

చదవడం మొదలుపెట్టింది. రాత బాగానే ఉంది, ఎప్పటిలాగే. పూర్వకాలపు క్రైస్తవుల్లో కొందరు, ప్రభువు ఏ తేదీన మరణించాడో ఆ తేదీనే తల్లి గర్భంలో పడ్డాడని నమ్మేవారట. అది మార్చి ఇరవై అయిదని లెక్క వేశారట. తొమ్మిది నెలలు కలిపితే డిసెంబరు ఇరవై అయిదు. సూర్యుడి పుట్టినరోజూ, ప్రభువు పుట్టినరోజూ ఒకే పాత రోమన్ గ్రంథంలో కనబడుతున్నాయి, ఏది చూసి ఏది వచ్చిందో పండితులు ఇప్పటికీ తేల్చలేదు.

ముప్ఫై ఒకటో పేజీలో ఆమె పెన్ను ఆగిపోయింది.

'ఈ సంగతులు తొమ్మిదేళ్ళ కిందటే ఒక పండిత మిత్రుడి ఉత్తరం వల్ల నాకు తెలిశాయి. అయితే తగిన సమయం కోసం వేచి ఉన్నాను. మా పాత బోధను కొందరు అపార్థం చేసుకున్నారు.'

తొమ్మిదేళ్ళు. ఆమె వేళ్ళు మడిచి మళ్ళీ లెక్కపెట్టుకుంది. కాలం గబగబా కదిలిపోయినట్టు, తను మాత్రం ఆ ఫోన్ పట్టుకుని అక్కడే నిలబడిపోయినట్టు అనిపించింది.

మర్నాడు పొద్దున్నే చర్చికి వెళ్ళింది. ఇద్దరు పనివాళ్ళు నిచ్చెన వేసి గోడకి పెద్ద నక్షత్రం బిగిస్తున్నారు. అన్నయ్య కింద నిలబడి, "ఇంకాస్త ఎడమకి" అంటున్నాడు. ఆమెను చూసి నవ్వుతూ లోపలి గదిలోకి తీసుకెళ్ళాడు.

"చదివావా? ఎలా ఉంది?"

"తప్పులు తక్కువే. ఒకటడగాలి. ఆ ఉత్తరం ఎప్పుడొచ్చింది?"

"ఏ ఉత్తరం?"

"ముప్ఫై ఒకటో పేజీలోది."

అన్నయ్య నీళ్ళు నమిలాడు. "సరిగ్గా గుర్తు లేదమ్మా."

"తొమ్మిదేళ్ళని నువ్వే రాశావు. అమ్మ పోయి ఎనిమిదేళ్ళు. ఆ బల్ల దగ్గర కూర్చోవద్దని నువ్వు నాతో అనేటప్పటికి నీకు తెలుసు."

"అప్పుడు బయటపెడితే సంఘం చీలిపోయేది. పండగ చెయ్యకూడదన్న ఒక్క పట్టుదల మీదే కదా అంతమందిమి కలిసున్నాం."

"సంఘానికి చెప్పొద్దు. నాకు చెప్పొచ్చుగా. నేనొచ్చి అడిగాను నిన్ను."

"నీకు చెబితే అందరికీ చెప్పినట్టే" అన్నాడు అన్నయ్య. అనేశాక తనకే బావుండలేదేమో, గొంతు తగ్గించాడు. "చూడమ్మా, అది అన్యుల పండగని నేను అబద్ధం చెప్పలేదు. ఆ వాదమూ ఉంది, ఈ వాదమూ ఉంది. ఇవాళ్టికీ ఎవరికీ ఖాయంగా తెలీదు."

"ఆ మాటే అప్పుడు చెప్పుంటే చాలు. తెలీదు అని ఒక్క మాట. నేను వెళ్ళేదాన్ని."

అన్నయ్య బల్ల మీది కాగితాలు సర్దాడు.

"కొందరు అపార్థం చేసుకున్నారు అని రాశావు. నేనేం అపార్థం చేసుకున్నాను?"

"అది నీ గురించి కాదు."

"మరెవరి గురించి? నేను తప్పు చెప్పాను అని మార్చు."

"అలా రాస్తే రేపు నా మాట ఎవరు వింటారు?" అని లేచాడు అన్నయ్య. "ప్రూఫు చూసేవాళ్ళు అచ్చుతప్పులు చూస్తే చాలమ్మా."

కట్ట తీసుకుని వచ్చేసింది. దారిలో ఏడుపు వస్తుందనుకుంది గానీ రాలేదు. ప్రెస్సుకొచ్చి మిగిలిన పేజీలన్నీ ఒక్క కామా కూడా వదలకుండా దిద్దింది. ఆఖరి పేజీలో కృతజ్ఞతలున్నాయి. 'అడుగడుగునా నా బోధను నమ్మి నా వెంట నడిచిన నా చెల్లెలికి' అని ఒక వాక్యం. దాన్ని ఈ చివర నుంచి ఆ చివరికి కొట్టేసింది.

మేస్త్రి చూసి బుర్ర గోక్కున్నాడు. "రాసినవాళ్ళ వాక్యం మీరెప్పుడూ ముట్టుకోరు గదమ్మా. అచ్చుతప్పా?"

"అచ్చుతప్పు కాదు. తీసెయ్యండి."

ఆమె మొహం చూసి అతను కట్ట తీసుకుని వెళ్ళిపోయాడు.

పుస్తకం అచ్చయి వెళ్ళాక అన్నయ్య ఫోన్ చేశాడు. ఆ వాక్యం ఏమైందన్నాడు. నేనే తీసేశానంది. ఇంత మనసు కష్టపెడతావనుకోలేదన్నాడు. ఆమె ఫోన్ పెట్టేసింది.

ఇరవై అయిదో తేదీన ఆమె ఏ చర్చికీ వెళ్ళలేదు. మధ్యాహ్నం వదిన ఒక్కతే వచ్చింది. పది మంది మధ్య నోరు విప్పని మనిషి. కుర్చీలో కూర్చుని పర్సు పట్టీ తిప్పుతూ ఉండిపోయింది.

"అన్నయ్య పంపాడా?" అంది ఆమె.

"ఆయనకి తెలీదు నేనొచ్చినట్టు. నీకొకటి చెప్పాలి. నువ్వు నన్ను తిట్టినా సరే." వదిన నేలకేసి చూస్తూ అంది. "ఆ ఏడు పండక్కి మేం అత్తయ్య దగ్గరికి వెళ్ళాం."

ఆమెకు మొదట అర్థం కాలేదు. "ఏ ఏడు?"

"ఆవిడ పోయిన ఏడు. మధ్యాహ్నం ఓ రెండు గంటలు ఉండి ఉంటాం. సంఘంలో ఎవరికీ తెలియకూడదని వెనక వీధిలోంచి వెళ్ళాం. అమ్మని చూడకుండా ఉండలేకపోతున్నాను అన్నారు మీ అన్నయ్య."

"అమ్మ నా గురించి అడగలేదా?"

"అడిగింది." వదిన పర్సు పట్టీ వదిలేసింది. "రానంది అని చెప్పారు ఆయన."

ఆమె బల్ల అంచు పట్టుకుంది. వద్దన్నవాడు వెళ్ళాడు. వెళ్ళి, తను వద్దన్న సంగతి దాచి, రానంది అన్నాడు. అమ్మ ఆ మాటతోనే పోయింది. అదే సమయంలో ఇంకో ఆలోచన, పిలవకుండానే వచ్చింది: అయితే అమ్మ ఆ రోజు ఒంటరిగా కూర్చోలేదు. ఆ ఊరట కలిగినందుకు ఆమెకు తన మీద తనకే కోపం వచ్చింది.

వదిన లేవబోయింది. "వెళ్తానమ్మా."

"కూర్చో" అంది ఆమె. "అమ్మ ఏ చీర కట్టుకుంది?"

"నీలంది. అంచు మాసిపోయింది."

"ఏమైనా తిన్నదా?"

"రెండు ముద్దలు. మాకే వడ్డిస్తూ కూర్చుంది."

"నవ్విందా?"

వదిన కళ్ళు తుడుచుకుని, తలుపు తియ్యగానే అత్తయ్య ఏమందో, లోపలికి వెళ్ళాక ఏం చేసిందో, మొదటినుంచీ చెప్పసాగింది. ఆమె మధ్యలో ఒక్క మాటా మాట్లాడకుండా వింది.