మింజు చేతులు

నేను క్రిస్మస్ ఎల్ఫుల మీద నవల రాస్తున్నానని చెబితే మా అమ్మ ఎస్తేరమ్మ, "ఎవరు వాళ్ళు? మన చర్చివాళ్ళేనా?" అంది. శాంటా తాత పంచే బొమ్మలన్నీ మంచు దేశంలో కూర్చుని తయారుచేసే పొట్టి మనుషులని చెప్పాను. "ఓహో, పనోళ్ళా," అని మళ్ళీ తన మిరపకాయల్లో పడింది.

గుంటూరులో మా వీధి ఆడవాళ్ళలో సగం మందికి అదే పని. కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చిన ఎండుమిరపకాయలకి తొడిమలు తీయడం. మోకాళ్ళ నొప్పులొచ్చాక అమ్మ షెడ్డుకి వెళ్ళలేక బస్తాలు ఇంటికే తెప్పించుకుంటోంది. మానెయ్యమంటే వినదు. మొండిఘటం. నేనూ తక్కువ తినలేదులెండి.

నవల అయిపోయింది. ఆఖరి అధ్యాయం ఒక్కటీ ప్రచురణకర్తకి పంపడానికి చెయ్యి రావడం లేదు. అందులో మింజు అనే ఎల్ఫు తల్లి ఉంటుంది. లోకంలోని పిల్లలందరికీ బొమ్మలు చేస్తుంది, సొంత కూతుర్ని మాత్రం ఒక్కసారీ దగ్గరికి తీసుకోదు. పండగ పొద్దున ఆ కూతురు తల్లికి చెప్పకుండా మంచులోకి వెళ్ళిపోతుంది. అక్కడితో కథ సరి.

ఆ మింజు ఎవరో నాకు బాగా తెలుసు. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ అమ్మ నా బుగ్గ పట్టుకున్నది లేదు. తల దువ్వినా, నీళ్ళు పోసినా పక్కింట్లో బట్టలు కుట్టే గుల్జార్ బేగమే. జ్వరమొస్తే అమ్మ మోచెయ్యి నా నుదుటికి ఆనించి చూసి, గబుక్కున వెనక్కి తీసుకునేది. ముప్ఫై ఏళ్ళ కోపం నాది. అచ్చులో పెట్టి తీర్చుకుందామనుకున్నాను. అమ్మకి ఎలాగూ చదువు రాదు.

శనివారం మధ్యాహ్నం గోనెపట్టా మీద కూర్చుని కాయలు వలుస్తూ, "ఏదీ, నీ పనోళ్ళ కథ చదవ్వే మాధురీ," అంది. వేరే అధ్యాయం చదవొచ్చు. ఏ దెయ్యం పట్టిందో, అదే చదివాను. భయమేసింది కూడా.

వింటున్నంతసేపూ అమ్మ చేతులు ఆగలేదు. చదవడం అయ్యాక ఆగాయి.

"బొమ్మలకి రంగులేస్తారుగా వాళ్ళు?"

"వేస్తారు."

"ఆ రంగు చేతికి అంటదా? మండదా?"

"ఎల్ఫులకి మండదమ్మా. అదంతా మాయ."

"రాసేది నువ్వు. పని చేసేది అది. దాన్ని అడిగావా?"

కాగితాలు మడిచి పక్కన పెట్టాను.

"నాలుగేళ్ళప్పుడు నీకు దేవదూత వేషం వేశాం, గుర్తుందా?" అంది.

సరిగ్గా గుర్తులేదు గానీ, విని విని కంఠతా వచ్చేసింది. క్రిస్మస్ నాటికలో తెల్లగౌను వేసుకుని స్టేజీ ఎక్కి వెక్కివెక్కి ఏడ్చానట. పాస్టరు గారు మైకులో "పాపని పరిశుద్ధాత్మ తాకింది" అన్నారట. జనమంతా హల్లెలూయ అన్నారట. మా చర్చి ముసలమ్మలు ఇప్పటికీ నన్ను చూస్తే ఆ ముక్కే ఎత్తుతారు.

"ఆత్మా లేదు, ఏం లేదు. నా చెయ్యి తాకింది," అంది అమ్మ. "ఆ పూటంతా కాయలు వలిచి, కడుక్కున్నా కదా అని నీ మొహానికి పౌడర్ రాశా. మూడు రోజులు కళ్ళు తెరవలేదే నువ్వు. అందరూ హల్లెలూయ అంటుంటే నేనూ అన్నా, సిగ్గులేకుండా. ఆ రోజే గుల్జార్‌తో చెప్పా, పిల్లని నువ్వే చూసుకో, నా చెయ్యి తగలనివ్వకు అని. సీజన్ అయ్యాక ముట్టుకుందాంలే అనుకునేదాన్ని. ఒక సీజన్ అయ్యేలోపు స్టోరేజీ సరుకొచ్చేది."

"నాకు చెప్పొచ్చుగా?"

"ఏమని చెప్పను? ఊరంతా నిన్ను ఆత్మ తాకిన పిల్ల అనుకుంటుంటే వినడానికి బాగుండేది."

నాకు ఒళ్ళు మండింది. ఇంత చిన్న మాట ముప్ఫై ఏళ్ళు దాస్తుందా మనిషి? ఆ మంటలోనే ఆమె చెయ్యి లాక్కుని నా బుగ్గకి ఆనించుకున్నాను. వేళ్ళు గరుగ్గా ఉన్నాయి. చెయ్యి చిన్నది. ఇంత చిన్నదని నాకు తెలియదు.

"ఒసేయ్ పిచ్చిదానా, వదులు! తేజ రకం కాయే అది, మహా ఘాటు!"

వదల్లేదు. ముందు ఏమీ అనిపించలేదు. తర్వాత బుగ్గ, ఆ తర్వాత కన్ను భగ్గుమన్నాయి. మింజు కూతుర్ని మంచులోంచి వెనక్కి తీసుకురావాలి, అధ్యాయం మొత్తం తిరగరాయాలి అనుకుంటూ ఇంకా గట్టిగా పట్టుకున్నాను. అమ్మ "గుల్జార్, మజ్జిగ తే!" అని వీధంతా వినపడేలా అరిచింది.

గుల్జార్ బేగం గిన్నెతో పరిగెత్తుకొచ్చి నా వాలకం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమైందే దీనికి? మళ్ళీ ఆత్మ తాకిందా?"

"లేదు," అంది అమ్మ. "నేనే తాకా."