ఎవరో ఒక పేషెంట్

బస్తీ మధ్యలో ఉన్న ఆ రెండు గదుల క్లినిక్ మెడికల్ కాలేజీ వాళ్లది. వారానికోసారి విద్యార్థులు అక్కడికొచ్చి, పాఠాలు చెప్పే డాక్టర్ మేడం పక్కన నిలబడి, జనానికి వైద్యం చేస్తూనే వైద్యం నేర్చుకునేవారు. ఆ బ్యాచ్‌లో ఒకమ్మాయికి తొందరమ్మ అని పేరు పెట్టారు స్నేహితులు. మేడం ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పేసేది మరి.

ఆ రోజు తెర తొలగించుకుని లోపలికొచ్చిన మనిషిని చూడగానే తొందరమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. వచ్చింది చిన్న మావయ్య. గోడలకు రంగులు వేసే పనిలోంచి నేరుగా వచ్చినట్టున్నాడు. గోళ్ల చుట్టూ ఆకుపచ్చ రంగు, చొక్కా నిండా తెల్లటి మరకలు. మనిషి సగమయ్యాడు. హాస్టల్లో చేరాక ఆమె అతని గడప తొక్కిందే తక్కువ. స్నేహితులతో మాత్రం, మా మావయ్య పెద్ద బిల్డింగ్ కాంట్రాక్టర్ అని చెప్పుకుంది.

ఆమెను చూసి మావయ్య ముఖం విప్పారింది. పిలవబోయాడు. ఆమె చప్పున తల తిప్పుకుని స్టెతస్కోపు సర్దుకోసాగింది. అతనికి అర్థమైంది. తెరిచిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, దగ్గుతూ బెంచీ మీద కూర్చున్నాడు.

"నువ్వడుగమ్మా," అంది మేడం ఆమెతో.

"ఏంటండీ ఇబ్బంది?"

"దగ్గు, డాక్టరమ్మా. సాయంత్రమైతే జ్వరం."

డాక్టరమ్మా అన్న ఆ పిలుపు చెంప ఛెళ్లుమనిపించినట్టు తగిలింది.

"ఇదివరకెప్పుడైనా టీబీ మందులు వాడారా?"

అతను ఆమె వంక ఒక్క క్షణం చూశాడు. "లేదమ్మా."

అది అబద్ధమని ఆమెకు తెలుసు. స్కూల్ రోజుల్లో, మావయ్య ఇంట్లో ఉంటూ, ఆ మాత్రలు దగ్గరుండి మింగించింది తనే. ఒంట్లో కాస్త బాగుందనిపించగానే మధ్యలో మానేశాడు. అలా మానేస్తే జబ్బు మొండికేస్తుందని పోయిన వారమేగా మేడంకి గడగడా అప్పజెప్పింది! ఇప్పుడు మాత్రం కాగితం మీద ‘లేదు’ అనే రాసుకుంది.

"రంగు గోడకేశాడా, ఒంటికేసుకున్నాడా?" పక్కనున్న కుర్రాడు ఆమె చెవిలో గొణిగాడు. ఆమె నవ్వేసింది.

కఫం పరీక్షకని డబ్బా చేతికిచ్చి మేడం అతన్ని బయటికి పంపింది. నీళ్లు తాగొస్తానని చెప్పి తొందరమ్మ అతని వెనకే పరిగెత్తింది.

"అబద్ధమెందుకు చెప్పావు మావయ్యా?"

"నిజం చెప్తే తవ్వుతారు కదే. మాత్రలెవరిచ్చారు, ఇంట్లో ఎవరున్నారు అని. మాటల్లో నీ సంగతి ఎక్కడ జారుతుందోనని..." ఆగి దగ్గాడు. "పోన్లే, నా వల్ల కాసేపు నవ్వావు కదా."

ఎత్తిపొడుపు కాదది. అతను నిజంగానే అన్నాడు. భూమి చీలితే దూరిపోవాలనిపించింది ఆమెకు.

తిరిగి వెళ్లి అందరి ముందూ చెప్పింది. "మేడం, ఆయన ఇదివరకు మందులు వాడి మధ్యలో మానేశారు. ఆయన మా మావయ్య."

కుర్రాడు తల దించుకున్నాడు.

"ముందే ఎందుకు చెప్పలేదు?" అడిగింది మేడం.

"సిగ్గేసింది మేడం."

తిడుతుందనుకుంది. మేడం తిట్టలేదు. "అయితే ఈ టీబీ మామూలు మందులకు లొంగే రకమో కాదో కూడా చూడాలి. ఆయన్ని పిలువు," అని మాత్రం అంది.

లొంగని రకమేనని తేలింది. పెద్ద మందులు మొదలుపెట్టారు. రోజూ క్లాసులయ్యాక ఆమే వెళ్లి, దగ్గర కూర్చుని మింగించేది. మెల్లగా దగ్గు తగ్గింది, మనిషి తేరుకున్నాడు. ఒకరోజు మావయ్యను తనే క్లినిక్‌కి తీసుకొచ్చింది. కొత్త బ్యాచ్ పిల్లలు చుట్టూ మూగారు.

"మందులు మింగుతున్నారో లేదో ఎవరు చూస్తున్నారండీ?" అనడిగాడు వాళ్లలో ఒకడు.

మావయ్య ముందు ఆమె ముఖంలోకి చూశాడు, చెప్పొచ్చా అన్నట్టు.

"నేనే. ఈయన మా మావయ్య," అంది ఆమె. గట్టిగానే అంది. అయినా అతని చూపు ఎదుట తలెత్తలేకపోయింది.