బడ్డీ కాడికి

శేషాద్రి మిలిటరీ నుంచి వచ్చేసి రెండేళ్లు దాటినా, రాజేశ్వరి కంటికి ఆయన ఇంకా సెలవు మీద వచ్చిన మనిషిలాగే ఉన్నాడు. ఆమె తప్పు కాదది. పెళ్లయిన నాటి నుంచి ఆమె కాపురమంతా సెలవుల్లోనే గడిచింది. ఆయన సిపాయిగా చేరి సుబేదారుగా దిగేదాకా మంచులోనో ఇసుకలోనో ఉన్నాడు, ఆమె అనంతపురంలో అత్తగారి దగ్గర ఉంది. తీరా తార్నాకలో ఫ్లాటు కొనుక్కుని, ఇక నా మొగుడు నాకు దక్కాడు అనుకునేసరికి, ఈ మహానుభావుడు తెల్లారుతూనే బూట్లు బిగించి యూనివర్సిటీలోకి వాకింగని పోతాడు. ఎండెక్కితే గానీ కొంపకు రాడు.

అనుమానం రాజేశ్వరికి కొత్త కాదు. ఎక్కడో ఉన్న మొగుణ్ని ఇక్కణ్నుంచి అనుమానించడం ఆమెకు నిత్యపూజలాంటిది. కానీ ఇప్పుడు మనిషి కళ్ల ముందే ఉన్నాడు, ఆనవాళ్లూ కళ్ల ముందే ఉన్నాయి. నడిచి వచ్చినవాడి దగ్గర చెమట వాసన రావాలి. ఈయన దగ్గర పౌడరు వాసన వస్తోంది. చొక్కా చేతులు మోచేతుల దాకా తడిసి ఉంటున్నాయి. రాత్రి ఉడకబెట్టి పెట్టిన గుడ్లు పొద్దునకు మాయమవుతున్నాయి. అడిగితే, "కుక్కలకు వేసినాలే" అన్నాడు. ఏ కుక్క పౌడరు పూసుకుంటుందో ఆమెకు అర్థం కాలేదు.

ఒకరోజు బాల్కనీలో ఫోన్లో ఎవరితోనో అంటుంటే చెవిన పడింది. "రేపు గూడా బడ్డీ కాడే ఉంటా."

రాజేశ్వరికి ప్రాణం లేచొచ్చింది. బడ్డీ కొట్టా! అంటే సిగరెట్లన్నమాట. ఆ కంపు కప్పిపుచ్చడానికే పౌడరు. మొగుణ్ని కడిగెయ్యడానికి ఇంత చిన్న తప్పు దొరికినందుకు ఆమె నిజంగా సంతోషించింది. మర్నాడు ఆయన వెళ్లిన కాసేపటికి తానూ బయల్దేరి, క్యాంపస్ గేటు పక్కన సోడాలూ పాన్‌లూ అమ్మే ఉప్పలమ్మ బడ్డీ ముందు నిలబడి, మీసాలాయన వచ్చాడా అని అడిగింది.

"మిలిటరీ సారా? గీడ ఎన్నడు ఆగడమ్మా," అంది ఉప్పలమ్మ. "రోజూ సంచి పట్టుకొని గట్ల బస్తీ దిక్కు పోతడు. ఏందమ్మా, చుట్టమా?"

రాజేశ్వరి ఒక సోడా కొని, తాగకుండానే వెనక్కి తిరిగింది. సంతోషం కాస్తా ఆవిరైపోయింది.

ఆ మరుసటి రోజు వెంబడించింది. సరిహద్దు కాచిన మనిషి వెనక దొంగచాటుగా నడవడం మాటలు కాదు. చెట్ల కింద పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లల మధ్య నుంచి, ఆగి ఉన్న కార్ల పక్క నుంచి నడిచింది. ఆయన ఒకసారి వెనక్కి చూస్తే, చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగిపోయింది. క్యాంపస్ దాటి మాణికేశ్వర్ నగర్ సందుల్లో పడి, ఆయన నీలం తలుపున్న ఒక రేకుల ఇంటి ముందు ఆగాడు. ఒకావిడ తలుపు తీసి, నవ్వుతూ సంచి అందుకుంది. కాసేపటికి లోపల్నుంచి శేషాద్రి నవ్వు వినిపించింది. పొట్ట పట్టుకుని నవ్వే నవ్వు. ఇన్నేళ్ల కాపురంలో ఆ నవ్వు రాజేశ్వరి ఎన్నడూ వినలేదు. తలుపు నెట్టుకుని లోపలికి పోయింది.

లోపల మంచం మీద ఒక మనిషి బోర్లా పడుకుని ఉన్నాడు. నడుము కింద కాళ్లు ఎండిపోయి ఉన్నాయి. శేషాద్రి తడిగుడ్డతో ఆ వీపు తుడిచి, పుండ్లు పడకుండా పౌడరు అద్దుతున్నాడు. నవ్వుతూ సంచి అందుకున్నావిడ గుడ్డు పొట్టు తీస్తోంది.

"ఎవరీయన?" అంది రాజేశ్వరి.

శేషాద్రి నిటారుగా నిలబడిపోయాడు. "నా బడ్డీ. పేరయ్య. ఆమె ఈరమ్మ, వాని చెల్లెలు."

మిలిటరీలో ఇద్దరిద్దరిని జత కడతారనీ, ఒకరి ప్రాణానికి ఇంకొకరు పూచీ అనీ, ఆ జతగాణ్నే బడ్డీ అంటారనీ ఆయన నసుగుతూ చెప్పాడు. రాజేశ్వరికి సిగ్గేసింది. ఆ వెంటనే ఒళ్లు మండింది.

"ఇంత మంచి పని నా దగ్గర ఏంటికి దాచినారు?"

ఆయన పౌడరు డబ్బాకు మూత పెట్టాడు. పేరయ్యే తల తిప్పి ఆమె వైపు చూశాడు.

"నువ్వు బాధపడతవని వదినా."

"నాకేం బాధ?"

"పేరయ్యా, వద్దురా," అన్నాడు శేషాద్రి.

"నువ్వు చెప్పు నాయనా," అంది రాజేశ్వరి.

"ఏం లేదు వదినా. ఆ దినం పోస్టు మీద పహరా శేషన్నది. ఇంటికి ఫోన్ చేసే వంతు గూడ అప్పుడే వచ్చింది. లైను దొరుకుడే కష్టం గదా. నువ్వు మాట్లాడి రాపో, అప్పటిదాక నేనుంట అన్న. ఫోను జర లంబ అయింది, ఎంతకీ తెగలే. ఫిరంగి షెల్లు వచ్చి పడ్డది. గంతే. ఎవరో ఒకరం నిలబడాలె, నేను నిలబడ్డ."

ఏ ఫోనో రాజేశ్వరికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఫోన్లో ఆయన వెనక ఎవరో ఆడమనిషి నవ్వినట్టు వినిపించిన ఫోను. అది రేడియో అని ఆయన ఒట్టేస్తున్నా నమ్మలేదు. డ్యూటీ ఉంది పెట్టేస్తానంటే, పెట్టావంటే నా మీద ఒట్టేనని కట్టేసింది. ఆ తర్వాత రెండు నెలలు ఆయన ఫోన్ చేయకపోతే, ఇంకేం, నిజమే అని నిర్ధారించుకుంది.

వచ్చేటప్పుడు ఇద్దరూ క్యాంపస్ రోడ్డు మీద పక్కపక్కనే నడిచారు. ఆమెకు ఏడుపు రాలేదు. భయమేసింది.

"ఒకటి అడుగుతా, నిజం చెప్పల్ల," అంది. "ఇన్నేండ్లూ నన్ను చూసినప్పుడంతా మీకు ఆయన పడిపోయిండేదే కనపడేదా?"

కాదు అంటాడని ఆమె ఆశపడింది. శేషాద్రి అడుగు నెమ్మదించింది.

"శానా ఏండ్లు," అన్నాడు. "ఇప్పుడు అప్పుడప్పుడు."

రాజేశ్వరి తలూపింది. పెళ్లయ్యాక ఆయన చెప్పిన మాటను ఎదురు ప్రశ్న వేయకుండా నమ్మడం ఆమెకు ఇదే మొదటిసారి.