తగ్గకూడని వీధి

మబ్బు పట్టిందో లేదో చూడాలంటే సోమప్ప మంచం మీద వెల్లకిలా పడుకోవాలి. మెడ బిగుసుకుపోయి ఏళ్ళయింది. నిలబడితే ఆయనకు కనిపించేది తన కాలివేళ్ళూ, వాటి ముందు కాస్త నేలా. ఆకాశం వైపు చూడడమే సేద్యమైన ఈ సీమలో తల ఎత్తలేని రైతంటే నవ్వులాటే మరి. కానీ రాళ్ళమిట్టలో నవ్వేవాళ్ళు లేరు. ఇంటికో సోమప్ప ఉన్నాడు.

రాళ్ళమిట్ట కుందుర్పికి అవతల, కర్ణాటక పొలిమేరకు ఆనుకొని ఉన్న పల్లె. వానలు ముఖం చాటేసేకొద్దీ బోర్లు లోతుకు దిగాయి. లోతుకు దిగేకొద్దీ నీళ్ళలో ఫ్లోరైడు పెరిగింది. పిల్లల పళ్ళు గారపట్టాయి, పెద్దవాళ్ళ నడుములు వంగాయి. ఎవరో అధికారులు వచ్చి బోరింగుకు ఎర్రరంగు పూసి, ఈ నీళ్ళు తాగరాదు అని రాసిపోయారు. మరి ఏ నీళ్ళు తాగాలో రాయడం మర్చిపోయారు, పాపం, రంగు అయిపోయిందేమో.

సోమప్ప భార్య సుబ్బరత్నమ్మ నోరు మంచిది కాదని ఊరందరి మాట. అవసరం పడినప్పుడు మాత్రం అందరూ ఆ నోటినే ముందుకు తోస్తారు. కొడుకూ కోడలూ బెంగుళూరులో కట్టడం పనికి పోతూ ఐదేళ్ళ లహరిని ఆమె దగ్గర వదిలారు. సోమప్పను కళ్యాణదుర్గం తీసుకుపోతే, ముదిరిన ఎముకకు మందు లేదమ్మా, పసి ఎముకనైనా కాపాడుకోండి అన్నాడు డాక్టరు. ఆనాటి నుంచి సుబ్బరత్నమ్మకు లోకంలో ఒకటే పట్టింపు. పొద్దున లేవగానే మనవరాలిని వాకిట్లో నిలబెట్టి, "పైకి చూడు పాపా" అంటుంది. పిల్ల తలెత్తి చూస్తుంది. ఆమెకు ఆ పూట గడుస్తుంది.

రెండువేల రెండులో ఊళ్ళోకి పరిశోధన దిగింది. నీళ్ళు పరీక్షించేవాళ్ళు, ఎముకలు పరీక్షించేవాళ్ళు, పీపాలు తయారుచేసేవాళ్ళు అందరూ ఒకే జీపులో వచ్చారు. గురుమూర్తి అనే ప్రొఫెసరు వాళ్ళందరికీ పెద్ద. ఒకదాని మీద ఒకటి రెండు ప్లాస్టిక్ పీపాలు, పైదాంట్లో బోరు నీళ్ళు పోస్తే లోపలి గింజలు విషాన్ని పట్టేసుకుని మంచినీళ్ళు కిందికి దిగుతాయని చెప్పి ప్రతి ఇంటికీ ఒకటి ఇచ్చారు. మిట్టవీధికి ఎర్ర మూతలు, సుబ్బరత్నమ్మ వాళ్ళుండే పల్లంవీధికి నీలం మూతలు. రంగులు ఎందుకంటే గుర్తు కోసమన్నారు. మూత కింది జల్లెడ తీయకూడదు, ఎవరి పీపా వాళ్ళే వాడుకోవాలి అన్నారు. ఉచితంగా వచ్చిన పీపాను ఎవరు విప్పి చూస్తారు? అంతకుముందు వాళ్ళే వానల్లో పారే ఊరి వంకలో ఇసుక జల్లించి కడగడానికి ఆడవాళ్ళను కూలికి పిలిచారు. సుబ్బరత్నమ్మ కూడా పోయింది. సార్లు ఏదో గది కట్టుకుంటారు కాబోలు అనుకుంది.

నెలనెలా పిల్లల ఉచ్చను చిన్న సీసాల్లో పట్టుకుపోవడానికి ఐశ్వర్య అనే అమ్మాయి వచ్చేది. అనంతపురంలో బట్టలంగడి వాళ్ళ బిడ్డ. మొదట్లో సీసా చూసి పిల్లలు గోడలు దూకి పారిపోయేవాళ్ళు. పోనుపోను ఆమె జీపు చప్పుడు వింటే చాలు, పోటీపడి లైను కట్టేవాళ్ళు. మధ్యాహ్నం ఐశ్వర్య సుబ్బరత్నమ్మ ఇంట్లోనే రాగిసంగటి తినేది. తిన్నాక లహరికి జడ వేసేది.

ఈ ఏర్పాటంతా చేసిన చదువుకున్నవాళ్ళకు ఒక్క సంగతి తట్టలేదు. బడి మిట్టవీధిలో ఉంది. దప్పికైన పిల్ల పక్కింటికి పరుగెత్తి చెంబు ఎత్తుతుంది, అది ఎర్ర మూత ఇల్లా నీలం మూత ఇల్లా అని చూడదు. దాహమని వచ్చిన పిల్లకు నీళ్ళు లేవనడం ఈ సీమలో బూతు కంటే పెద్ద మాట. పైగా సుబ్బరత్నమ్మ చెల్లెలు ఓబులమ్మ ఇల్లు బడి పక్కనే. లహరి పగలంతా అక్కడే ఉంటుంది, అక్కడే తింటుంది. ఎవరి పీపా వాళ్ళదే అన్న మాట ఊళ్ళో అందరికీ గుర్తుంది, పీపాను పక్కింటికి ఇవ్వకూడదని దాని అర్థమనుకున్నారు.

ఏడాది తిరిగేసరికి గురుమూర్తి మళ్ళీ వచ్చాడు. రెండు వీధులవాళ్ళనూ బడి వరండాలో కూర్చోబెట్టాడు. ముఖం ధుమధుమలాడుతోంది. ఐశ్వర్య వెనక నిలబడి చెప్పుల వంక చూసుకుంటోంది.

"పల్లంవీధి పిల్లల్లో ఫ్లోరైడు తగ్గింది" అన్నాడు, ఎవరో దొంగతనం చేసినట్టు.

సుబ్బరత్నమ్మ చెయ్యి ఒళ్ళో ఉన్న లహరి తల మీదికి పోయింది. "తగ్గిందా సార్? మా పాపకు గూడా తగ్గిందా?"

"అందరికీ తగ్గింది. అదే సమస్య. మీ వీధిలో తగ్గకూడదు."

పెద్దవాళ్ళకూ నాలుక తడబడుతుంది కదా అనుకుందామె. "పెరగకూడదు అంటాండారా సార్?"

"తగ్గకూడదు అంటున్నానమ్మా."

వరండాలో ఆడవాళ్ళు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. గురుమూర్తికి అది అర్థం కాలేదు. వీళ్ళకు తెలిసేట్టు చెప్పాలనుకుని గొంతు తగ్గించాడు. "చూడండి. మందు కొట్టిన చేను పక్కనే కొట్టని చేను ఒకటి ఉంటేనే కదా మందు పనితనం తెలిసేది? మిట్టవీధి మందు కొట్టిన చేను. పల్లంవీధి కొట్టని చేను. నీలం మూతల్లో మేము గింజలు పెట్టలేదు, ఇసుకే పెట్టాం. మీరు ఆ వీధి నీళ్ళు ఈ వీధి పిల్లలకు తాగించి రెండు చేలనూ కలిపేశారు. ఏడాది శ్రమ మట్టిపాలు చేశారు."

"యా ఇసక సార్?" అంది సుబ్బరత్నమ్మ.

"ఏ ఇసుకైతే ఏం? మీ ఊరి వంకదే. జల్లించి, శుభ్రంగా కడిగించి..."

"జల్లించింది నేనే గదప్పా!"

ఆమె లేచి నిలబడింది. ఆ ఇసుకను రెండు చేతులతో ఎగరేసి, రాయి ఏరి, వంగి వంగి కడిగింది. మంచినీళ్ళని చెప్పి ఇంటికి తెచ్చుకుని పొద్దునా సాయంత్రం ఆ ఇసుకలోంచే నీళ్ళు వడగట్టి మొగుడికి పోసింది. పీపాకు పసుపు రాసి బొట్టు కూడా పెట్టింది. ఆమెకు కళ్ళు మండాయి. గురుమూర్తి ఆమెకు ఏమీ కాడు, పరాయివాడు. కోపం ఆయన్ను దాటి వెనక్కు పోయింది.

"పాపా, ఐశ్వర్యా. నీకు తెలుసునా?"

ఐశ్వర్య తేలు కుట్టిన దొంగలా నిలబడింది. "తెలుసు పెద్దమ్మా" అంది చివరికి. "చెప్పకూడదు. చెప్తే పరిశోధన కాదంట."

"నా ఇంట్లో సంగటి తింటివి. ఈ బిడ్డకు జడ వేస్తివి. జడ వేసేటప్పుడు ఈ మెడ నీ చేతికి తగల్లేదా?"

ఐశ్వర్య ఏడ్చింది. ఏడిస్తే ఏం లాభం, ఆ ఏడుపేదో ఏడాది ముందు ఏడ్చి ఉండాల్సింది.

గురుమూర్తి చేతి గడియారం చూసుకున్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు, తన మాటలో న్యాయం ఉందని గట్టిగా నమ్మినవాడు. అలాంటివాళ్ళతోనే కష్టం. "ఒక్క వీధి ఓపిక పడితే రేపు వందల ఊళ్ళకు ఈ పీపాలు వస్తాయి. మళ్ళీ మొదటినుంచి మొదలుపెడదాం, ఇంకో ఏడాది. పల్లంవీధి పిల్లలు మిట్టవీధి నీళ్ళు ముట్టకూడదు. ఒప్పుకోకపోతే అన్నీ తీసుకుపోయి వేరే ఊరు చూసుకుంటాం. వారంలో చెప్పండి."

"మా బిడ్డ మెడ వంగితే గాని మీ కాయితం నిలబడదా సార్?" అంది సుబ్బరత్నమ్మ. "చెనిక్కాయ చేను ఎండితే వచ్చే ఏడు మళ్ళా ఇత్తనం వేస్తాము. వీళ్ళను మళ్ళా యాడ వేసేది?"

"అమ్మ పెట్టదు, అడుక్కొని తిననీదు" అని ఓబులమ్మ పక్కనుంచి అందుకుంది. "వాళ్ళు ఇచ్చేది ఇసక. మేము ఇచ్చేది గూడా వద్దంట."

జీపు పోయాక మిట్టవీధి రామాంజులు నెమ్మదిగా నోరు విప్పాడు. అతను ఒకప్పటి వార్డు మెంబరు, అధికారులతో గొడవంటే గిట్టదు. "ఏమప్పా, మన వీధికన్నా వస్తాండాయి గదా మంచినీళ్ళు. సార్ చెప్పినట్ల విందాము. రెండు వీధులూ చెడేదానికన్నా ఒకటి బాగుండేది మేలు గదా?"

లెక్క తప్పేం కాదు. అయినా ఓబులమ్మ ఊరుకోలేదు. "సరే రామాంజులన్నా. రేపు మా అక్క మనవరాలు నీ వాకిట్లోకి వచ్చి తాతా నీళ్ళు అంటుంది. లేవు పోమ్మా అని నీ నోటితో చెప్పు. నువ్వు చెప్తే మేమూ చెప్తాము."

రామాంజులు తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. మరునాడు పొద్దున అందరికంటే ముందు పీపా మోసుకుని బడి దగ్గరికి వచ్చింది అతని పెండ్లామే.

ఆరోజు పట్టపగలు, అందరి ఎదురుగా, ఆడవాళ్ళు మూతలు తీశారు. నీలం మూతల కింది ఇసుకను తెచ్చి బడి ముందు కుప్ప పోశారు. సుబ్బరత్నమ్మ ఆ కుప్పను కాలితో ఒక్క తన్ను తన్నింది. ఎర్ర మూతల కింది తెల్లటి గింజలను చీరలు పరిచి పోసి, దోసిళ్ళతో పంచుకున్నారు. ప్రతి పీపాకూ సగం వచ్చింది. చివర్లో మూతలు కలగలిపి ఎవరికి దొరికింది వాళ్ళు పెట్టుకున్నారు. ఎర్ర మూత కావాలని లహరి మారాం చేస్తే దానికి ఎర్రదే దొరికింది.

వారం తర్వాత గురుమూర్తి సుబ్బరత్నమ్మ వాకిట్లో జీపు దిగాడు. పల్లంవీధిలో ఎర్ర మూత చూసి ఆగిపోయాడు. పక్కింట్లో నీలం. దాని పక్కన మళ్ళీ ఎర్ర. ఆమె పీపా మూత తీసి, జల్లెడ ఎత్తి చూశాడు. సగం గింజలు.

"ఎంత పని చేశారు! ఏది ఏ వీధిదో ఇప్పుడెలా తెలిసేది?"

"నిజమే సార్, ఇంక తెలియదు" అంది సుబ్బరత్నమ్మ.

"ఇవిక నాకెందుకూ పనికిరావు."

"మాకు పనికొస్తాయి. ఈడనే ఉండనీండి."

ఆయనకు కోపం నషాళానికి అంటింది. "మూర్ఖత్వం! గింజలు సగమైతే అవి పనిచేసేదీ సగం కాలమే. ఆ తర్వాత మందుతో కడగాలి. ఆ మందు మా దగ్గర ఉంది. పరిశోధనే లేనప్పుడు అది తెచ్చేవాళ్ళు ఉండరు. నాలుగు నెలలు పోతే రెండు వీధులకూ మళ్ళీ ఆ బోరు నీళ్ళే. అప్పుడేం చేస్తారు?"

ఐశ్వర్య జీపు దిగలేదు. మందు సంగతి వినగానే తలెత్తి పెద్దమ్మ వైపు చూసింది. సుబ్బరత్నమ్మ ఆమె వైపు ఒక్కసారి చూసి, ప్రొఫెసరు వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. ఆ నోరు అంత నెమ్మదిగా మాట్లాడడం ఊళ్ళో ఎవరూ వినలేదు.

"అప్పుడు రెండు వీధుల్లోనూ తగ్గదు సార్. మీకు కావాల్సింది అదే గదా. వచ్చి రాసుకోండి."

ఆయన జీపెక్కాడు. లహరి దప్పికని వచ్చి కింది పీపా కుళాయి తిప్పి చెంబు నింపుకుంది. చెంబును పెదాలకు తగలకుండా పైకెత్తి, తల పూర్తిగా వెనక్కి వాల్చి, గటగటా పోసుకుంది. మంచం మీద వెల్లకిలా పడుకున్న సోమప్ప మబ్బులు చూడడం మాని మనవరాలి వైపు చూశాడు. సుబ్బరత్నమ్మ ఆ పిల్ల మెడ వంకే చూస్తూ, చెంబు ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడింది.